నాడె లాంటి ఓడ

సిరిసిల్లలో ఆనందం చెయ్యి పడని సాంచా లేదంటే అబద్ధం కాదు. బోయినపల్లి బడిలో ఏడో తరగతితో చదువు ఆపి, పదిహేడో ఏట సాంచాలనే మరమగ్గాల షెడ్డులో అడుగుపెట్టాడు. నలభై ఏళ్ళలో ముప్పై అయిదు షెడ్లకు మేస్త్రి అయ్యాడు. చప్పుడు విని ఏ మర వదులైందో చెప్పేవాడు. ఒక బతుకమ్మ ముందు, ఆగిపోయిన పన్నెండు సాంచాలను ఒక్క పగటిలో నడిపించిన ఘనత ఆయనది. అలాంటి మనిషిని నాలుగేళ్ళుగా మేస్త్రీ అని పిలిచినవాడు లేడు. పోగును అటూ ఇటూ మోసే నాడె అవసరం లేని కొత్త మగ్గాలు వచ్చాయి. నాడెతోపాటు ఆయన పేరూ మూలకు పడింది.

ఆయన దగ్గర పని నేర్చి, ఇప్పుడు కొత్త మగ్గాలకు యజమాని అయిన మహిపాల్ జగిత్యాలలో రిమోట్ ఓడల పోటీలు మొదలుపెట్టాడు. పాతకాలపు యుద్ధనౌకల నమూనాలు, పలుచటి చెక్క గోడలు. ఒకదాని మీద ఒకటి చిన్న ఇనుప గుండ్లు పేల్చుకుంటాయి. ఓడ మునిగినవాడు ఓడినట్టు. అందరి ఓడలూ చేసిపెట్టే మేస్త్రి ఒకడు కావాలన్నాడు మహిపాల్. మొదటి ఓడను తానే ఎంచుకుని, తానే చేసి, ఒక పోరు తట్టుకున్నవాడే ఆ మేస్త్రి. ముందుకొచ్చింది ఇద్దరే: ఆనందం, కోరుట్లలో మోటార్లు చుట్టే జాఫర్.

ఇద్దరూ జాఫర్ దుకాణంలో ఓడల పటాలు ముందేసుకుని కూర్చున్నారు.

"ఆనందం భాయ్, గీ పొట్ట ఓడ తీస్కో. నడక తక్కువనే గని, నీళ్ళు తోడే మోటరుకు జాగ ఉన్నది. ఊకె ఒరగదు."

"బర్రె లెక్కున్నది. నువ్వే తోలుకో."

"బర్రె మునుగదు గదా భాయ్, పొద్దుందాక నీళ్ళల్లనే ఉంటది!"

ఆనందం నవ్వలేదు. ఆయన వేలు ఒక సన్నటి ఓడ మీద ఆగింది. చేస్తే నాలుగడుగుల పొడవు, బెత్తెడు వెడల్పు, రెండు కొసలూ సూదిగా. అచ్చం నాడె.

"గిదే. గుండు తగిలేదాక ఆగుతదా ఇది? నలభై ఏండ్లు గీ రూపాన్నే ఉరికిచ్చిన. నాకు నువ్వు చెప్తవా?"

"ఉరుకుతది, సరే. మలుపు తిరుగుతదా?"

ఆనందం పటం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడు నెలలు చెక్కాడు. "గీ వయసుల బొమ్మలాటేంది?" అని భార్య ముత్తవ్వ దెప్పితే, "బొమ్మ కాదే, ఓడ. మేస్త్రి పని" అని కసిరాడు.

పోరు మేడిపల్లి దగ్గరి చేపల కుంటలో జరిగింది. ఆనందం ఓడ నీళ్ళు చీల్చుకుని దూసుకుపోయింది. గట్టు మీద ఈలలు పడ్డాయి. జాఫర్ ఓడ కదిలేసరికే అది అటు ఒడ్డు దగ్గరికి చేరింది. ఆనందం తిప్పాడు. తిరగలేదు. ఇంకా గట్టిగా తిప్పాడు. పక్కకు ఒరిగి, బోర్లాపడి, మునిగిపోయింది. ఒక్క గుండయినా తగలకుండానే.

సాంచాలో నాడె ఎన్నడూ తిరగదు. ఈ కొసన దెబ్బ పడితే ఆ కొసకు పోతుంది, ఆ కొసన పడితే ఇటొస్తుంది. నలభై ఏళ్ళు దాన్ని నడిపినవాడికి ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆటగాళ్ళు బయట కొని తెచ్చుకున్న మిగతా ఓడలన్నీ కలిసి జాఫర్ ఓడకు పదకొండు బొక్కలు పెట్టాయి. అది నీళ్ళు కక్కుకుంటూ తేలుతూనే ఉంది.

"మేస్త్రీ, జర ఇటు రా!" అని కేకేశాడు మహిపాల్.

ఆనందం చేతులు పంచెకు తుడుచుకుని గబగబా నాలుగడుగులు వేశాడు.

"నిన్ను కాదు కాకా, జాఫర్‌ను. నువ్వు గా కొక్కెం తాడువట్టి నీ ఓడ తీస్కో."

జాఫర్ తల వంచుకున్నాడు. ఆనందం తాడు అందుకున్నాడు.

సిరిసిల్ల బస్సులో ఆ ఓడ ఎటు పెట్టినా ఎవరికో తగులుతోంది. దాన్ని తిప్పడం అక్కడా కుదరలేదు.

"ఓ తాతా, గా బొమ్మ తొవ్వకు అడ్డమైతాంది. ఒళ్ళె వెట్టుకో" అంది కండక్టరమ్మ.

బొమ్మ కాదని ఆనందం అనలేదు. ఒళ్ళో పెట్టుకున్నాడు.