సిమెంటు పడని చేతులు

ఇరవై ఏండ్లు మేస్త్రి పని చేసిన. హన్మకొండల, నర్సంపేట దిక్కు ఎందరికో ఇండ్లు కట్టిన. మా సొంత రెండర్రల ఇల్లు మాత్రం నిరుడు మొదలుపెట్టినం. గోడలు లేసినయో లేదో నా చేతులు చెడిపోయినయి.

ముందుగాల వేళ్ళ సందుల దురద. తర్వాత తోలు పగిలి నీరు కారుడు. అన్నం కలుపుకుంటే కారం తగిలి కండ్లల్ల నీళ్ళొచ్చేటియి. నా భార్య వంకాయ మానిపిచ్చింది, సబ్బు మార్చింది. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేసి పోయిండు. మందుల షాపుల ఇచ్చిన ట్యూబు రాస్తే వారం తగ్గేది, పనికి పోంగనే మళ్ళా మొదలు.

ఆఖరికి దవాఖానకు పోయినం. డాక్టరమ్మ చేతులు తిప్పి చూసి, "మీకేది పడట్లేదో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది" అన్నది. వీపు మీద చిన్న చిన్న రేకు బిళ్ళలు వరుసగ అతికిచ్చింది. ఒక్కో దాంట్ల ఒక్కో పదార్థం, ఏది పడకుంటే ఆ తావుల పొక్కుతదట. రెండు రోజులు స్నానం చెయ్యొద్దు, చెమట పట్టనియ్యొద్దు. ఎండకాలం. ఫ్యాను కింద బోర్ల పండుకున్న. రెండోనాడు వీపుల ఒక్క తావుల మంట లేసింది. గోకుదామంటే గోకరాదు.

డాక్టరమ్మ బిళ్ళలు తీసి, ఆ తావులకు గుర్తుగ గీతలు గీసింది. ఇంకో రెండు రోజులాగి మళ్ళా చూసింది. నా భార్య ఫోన్ల ఫొటో తీసి చూపిచ్చింది. అన్ని తావులు మామూలుగున్నయి, ఒక్క కాడ ఎర్రగ ఉబ్బి నీటి పొక్కులు.

"ఇది క్రోమియం. సిమెంటులో ఉంటుంది" అన్నది డాక్టరమ్మ.

"ఇన్నేండ్లు పడ్డది గద మేడం?"

"రోజూ తగిలి తగిలి ఒకనాడు ఒళ్ళు ఎదురు తిరుగుతుంది. ఇక మర్చిపోదు. పుండ్లు నేను మాన్పుతాను. మళ్ళీ సిమెంటు ముట్టుకుంటే మళ్ళీ వస్తాయి."

నాకు వేరే పని రాదు.

గ్లౌజులు తొడుక్కొని చూసిన. సిమెంటు మాలు మణికట్టు కాడికెళ్ళి లోపలికి జారింది. నాలుగు రోజులకే చేతులు మళ్ళా పగిలినయి.

"తాపీ ఇటియ్యి" అన్నది నా భార్య. పెండ్లయిననాటి నుంచి నాకు మాలు అందిచ్చిన మనిషి. మా ఇంటి గోడకు ఆమెనే ప్లాస్టరింగు చేసింది. నేను ఇటుకల మీద కూసొని, "జర పైకి, ఒత్తి పట్టు" అనుకుంట ఉన్న. గోడ అలలు అలలుగ వచ్చింది. సరిచేద్దామని లేసి, తడి గోడ మీద చెయ్యి పెట్టబోయి ఆపుకున్న.

"ఎట్లుంది?" అన్నది.

"మంచిగున్నది."

ఇప్పుడు ఆమె సిమెంటు పనికి పోతాంది, నేను ఇంట్ల వంట చేస్తాన. నా చేతులు మానినయి. పొద్దుగూకి రాంగనే ఆమె వేళ్ళు విడదీసి సందులల్ల చూస్త.

"ఏం లేదు, ఇడువు" అంటది.

నిజంగనే ఏం లేదు. ఒకనాడు పగులు కనబడితే పని మానుమని మాత్రం ఎట్ల అంట?