నీలం పోయిన స్ప్రూస్

ఈ శీతాకాలం చలి పెద్దగా పడలేదు. ఇలాంటి ఏడాదే పేనుబంక బతికి బట్టకడుతుంది కాబట్టి, మొన్న పొద్దున వంటింట్లోంచి తెల్ల పళ్ళెం పట్టుకెళ్ళి, పెరట్లోని నీలి స్ప్రూస్, అదే సూదుల్లాంటి ఆకులుండే క్రిస్మస్ చెట్టు, కొమ్మ కింద ఉంచి అట్లకాడతో తట్టాను. సన్నటి ఆకుపచ్చ పురుగులు కొన్ని రాలి పళ్ళెంలో పాకాయి. వాటిని చూస్తే నాకు కోపం వచ్చింది, పురుగుల మీద కాదు, మా అన్నయ్యగారి మీద.

అన్నయ్యగారంటే మా ఆడపడుచు భర్త. ఈ పరాయి దేశంలో మేముండే చెర్రీవుడ్ దగ్గర, అప్పట్లో మా పెరటి గోడకు అవతలి ఇల్లు ఆయనది. మేం ఈ ఇల్లు కొన్నప్పుడు నాకు నచ్చింది ఈ చెట్టొక్కటే. మా పొయ్యి మీద ఏం ఉడుకుతోందో, ఆదివారం నేను ఎన్నింటికి లేచానో ఆయన వంటింటి కిటికీకి తెలియకుండా కాపాడింది అదే. ఆయనకేమో అది కంట్లో నలుసు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి, గోడ దగ్గరకొస్తే వాస్తు పండితుడు. "చెల్లెమ్మా, ఈశాన్యంలో అంతెత్తు చెట్టుంటే ఇల్లు కలిసిరాదు. కొట్టించెయ్యండి" అనేవారు.

కొన్నేళ్ళ కిందట ఒక వసంతంలో చెట్టు లోపలి పాత ఆకులు పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగి రాలిపోయాయి. మే నెలకల్లా కొమ్మల సందులోంచి ఆయన కాఫీ కప్పు కనిపించసాగింది. కంగారుపడి చదివి తెలుసుకున్నాను. ఈ పురుగు పాత ఆకుల రసమే పీలుస్తుంది, కొత్త చిగుళ్ళ జోలికి పోదు. ఆకు రాలే వేళకు పురుగు చాలావరకు పోయే ఉంటుంది, అప్పుడు మందు కొట్టినా దండగే. ఎండాకాలంలో చెట్టుకు నీళ్ళు పోసి, వచ్చే ఏడు ముందుగానే కొమ్మ తట్టి చూసుకోవాలి. ఇదంతా ఆయనకు ఓపిగ్గా చెప్పాను.

"పురుగు గురించి నాకు చెబుతున్నావా? మిరపతోటలో పుట్టినోణ్ణి. ఇది తామరపురుగు. వేపనూనె కొడితే చచ్చూరుకుంటది" అన్నారు. మావారు "పెద్దాయన, పోనీలే" అన్నారు. మావారికి అన్నీ పోనీలే.

ఆ శనివారం టాలట్‌లో స్నేహితుల ఇంటికి వెళ్ళొచ్చేసరికి పెరడంతా వేపనూనె కంపు. చెట్టు నిలువునా నూనెలో కలిపిన కుంకుడు రసం నురగ. అన్నయ్యగారు అడక్కుండా గేటు తీసి లోపలికొచ్చి పని కానిచ్చేశారు. మర్నాడు మా అమ్మాయి కిటికీలోంచి చూసి, "అమ్మా, ఇట్స్ నాట్ బ్లూ ఎనీమోర్" అంది. ఆ నీలం ఆకు రంగు కాదు, ద్రాక్షపండు మీద ఉండే బూడిదలాంటి పలచటి మైనం. నూనె తగిలితే పోతుంది. నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి ఆయన తలుపు కొట్టాను.

"పురుగు చచ్చిందా లేదా? రంగుదేముందమ్మా, గ్రాండ్‌గా ఉంది" అన్నారు.

ఆ తర్వాత ఆయనకు మా ఇంట కాఫీ ఇవ్వలేదు. ఆయనా అడగలేదు, ఆ సందులోంచి చూస్తూ తన కాఫీ తాను తాగేవారు. పండగలకు వదిన ఒక్కతే వచ్చి పులిహోర ఇచ్చి వెళ్ళేది.

ఏటా కొమ్మల కొసలకు కొత్త నీలం వచ్చింది. సందు మెల్లమెల్లగా పూడింది. అది పూర్తిగా మూసుకునే ముందే వాళ్ళు ఇల్లు అమ్మేసి శాండీఫోర్డ్‌లో అపార్ట్‌మెంట్‌కి మారిపోయారు. కొమ్మలు కలుసుకునేలోగా నా కోపం ఆరిపోతుందనుకున్నాను. చెట్టు నిండింది, కోపమూ అలాగే ఉంది, అవతలి కిటికీలో మనిషి మాత్రం లేడు.