పళ్లెం, చాప

మా డాక్టరుగారికి రాని పని లేదు. ఖాజాగూడ చెరువు పక్కన ఒంటిగది దవాఖానాలో రోగులను చూసేవారు, మొరాయించిన ఫ్యాను తానే విప్పి బాగుచేసేవారు, ఖాళీ దొరికితే వేణువు వాయించేవారు. పదకొండేళ్లు ఆయన దగ్గర నర్సుగా చేశాను. చదువు రానివాళ్ల చీటీ మీద మందు పేరు పక్కన పొద్దుటి మందుకు సూర్యుణ్ణి, రాత్రి మందుకు చంద్రుణ్ణి గీసిచ్చేవారు. ఎంత ముద్దుగా గీసేవారో!

ఒకరోజు మాదాపూర్‌లో రాత్రి కాపలా కాసే వాచ్‌మన్‌ను భార్య ఆటోలో తీసుకొచ్చింది. ఒళ్లంతా చెమట, కాళ్లలో వణుకు. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా పడుకున్నాడట.

"తినకుండా మాత్ర వేసుకుంటారా ఎవరైనా?" అని గయ్యిమన్నాను.

"డూటీ దిగినంక ఏం తింట సిస్టర్? పండుకుంట. సారు సూర్యుణ్ని గీసిండు, పొద్దుగాల ఏసుకున్న."

గ్లూకోజు ఎక్కిస్తూ డాక్టరుగారు నావైపు కోపంగా చూశారు. "ఆయన్నెందుకమ్మా అంటావు? ఎప్పుడు తింటాడో అడక్కుండా రాసిన నాది తప్పు." వాచ్‌మన్ చేతులు పట్టుకుని క్షమించమన్నారు. నాకు సిగ్గుతో తల వాలిపోయింది. ఆ రోజుతో సూర్యచంద్రులు పోయి, తిన్నాక వేసుకునే మందుకు పళ్లెం, పడుకునే ముందు మందుకు చాప వచ్చాయి.

పోయిన వానాకాలంలో ఆయన పోయారు. కొండాపూర్ నుంచి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరమ్మ కంప్యూటర్ చీటీలు మొదలుపెట్టింది. మొదటి రోజే ఆ వాచ్‌మన్ చీటీ పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"అన్నీ ఒకట్లు, సున్నాలే ఉన్నయి. పళ్లెం ఏది సిస్టర్?"

మళ్లీ ఆ చెమటలా? నేనుండగా ససేమిరా వీల్లేదు! అతన్ని వెంటబెట్టుకుని లోపలికి వెళ్లి, జరిగిందంతా డాక్టరమ్మకు చెప్పాను.

"నాకు బొమ్మలు వేయడం రాదండి," అంది.

"నాకూ రాదమ్మా. అయినా వేస్తాను," అని అక్కడే పెన్ను తీసి చీటీ మీద గుండ్రంగా ఒకటి గీశాను.

వాచ్‌మన్ తొంగిచూసి నవ్వాడు. "ఇదేంది సిస్టర్, ఆటో చక్రమా?"

"నోర్ముయ్యి, పళ్లెం! ఎప్పుడు వేసుకోవాలి?"

"తిన్నంక."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఎప్పుడు తింటారండి మీరు?"

"పొద్దుమీకి, డూటీకి పోయే ముందు."

ఆమె అచ్చు చీటీ చింపేసి, కొత్తది చేత్తో రాసి, పళ్లెం గీయమని నాకే ఇచ్చింది. తర్వాత ఒక మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు. అతన్ని పరీక్షించి, కాగితం మీద పెన్ను పెట్టబోతూ ఆగి అడిగింది:

"మీరు ఎప్పుడు తింటారండి?"