బ్రాట్ అప్ అంటే మిద్దె ఎక్కించడం
నిన్న మిద్దె మీద ఆరబోసిన ఎండుమిరపకాయల ఘాటు వాకిట్లోకి దిగింది. తుమ్ముతో పాటే ఆలూరు దగ్గరి మా ఊరూ, మా జేజీ గుర్తొచ్చారు.

ఏటా అమ్మానాన్న సుగ్గికని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేవాళ్లు. వాళ్లు తిరిగొచ్చేదాకా నాన్నమ్మే నాకు దిక్కు. ఆమెనే జేజి అనేదాన్ని. సాయంత్రం మట్టిమిద్దె చల్లబడ్డాక నన్ను నిచ్చెన ఎక్కించేది. పైన ఒకటే గాలి. నల్లరేగడి చేలన్నీ మెల్లగా ఆకాశంలో కలిసిపోయేవి. నేనూ కలిసిపోతున్నట్టే ఉండేది.

ఐదో తరగతిలో ఇంగ్లీషు సార్ బోర్డు మీద 'బ్రింగ్ అప్' అని రాసి వాక్యం చెప్పమన్నాడు. బ్రింగ్ అంటే తేవడం, అప్ అంటే పైకి. ఇంకేముంది, లేచి నిలబడ్డాను.

"మై జేజి బ్రాట్ మీ అప్."

సార్ గొంతు మెత్తబడింది. "శానా బాగ చెప్పినావు పాపా. మీ అమ్మ లేదా?"

"ఉండాది సార్. సుగ్గికి పోయింది. వచ్చినాక మాయమ్మ గూడా మిద్దె ఎక్కిస్తాది."

క్లాసంతా నవ్వింది. ఆ మాటకు 'పెంచడం' అని అర్థమన్నాడు సార్, తనూ నవ్వాపుకుంటూ.

ఇంటికి పరుగెత్తి, "జేజీ, నువ్వు నన్ను పెంచినావంట!" అన్నాను.

రొట్టె తడుతున్న చేయి ఆగింది. "నేను యాడ పెంచితి పాపా? నువ్వే పెరిగితివి. నేను నిచ్చెన కదలకుండా పట్టుకోనుంటి, అంతే."

నిన్న నా కూతురు మిరపకాయలు చూస్తానని నిచ్చెన ఎక్కింది. తను పైకి చేరాక చూసుకుంటే, నా రెండు చేతులూ నిచ్చెననే పట్టుకుని ఉన్నాయి.