మొదటి బండి

బోథ్‌లో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లు నడిపే విఠల్ సేటు పత్తిని కంటితో చూసి కొనడు. చొక్కా చెయ్యి మడిచి, బండి పలకల సందులోంచి మోచేతిదాకా దూర్చి, అడుగున ఉన్న పత్తిని పిడికిట పట్టి చూస్తాడు. వాగు దాటి వచ్చిన ప్రతి బండి అడుగునా ఆ చేతికి తడే తగిలేది. తడిసిన పత్తికి ధర తగ్గించి చెప్పేటప్పుడు ఆయన రైతు ముఖం చూడలేకపోయేవాడు. అందుకే వర్తక సంఘం అధ్యక్షుడైన నాటి నుంచి వాగు మీద వంతెన కోసం కార్యాలయాల చుట్టూ తిరిగాడు. దానిని చేరే బాటకు తన మిల్లు స్థలమే రాసిచ్చాడు. "వంతెన పడ్డదంటె రైతులందరు మనల్ని దాటి భైంస పెద్ద మార్కెటుకే పోతరు. మనం కాంటా ముందట కూసోని ఈగలు కొట్టుకోవాలె" అని తోటి మిల్లు యజమానులు ఎగతాళి చేశారు. "పోతె పోనియ్యుండ్రి. మంచి ధర ఇచ్చి మనమే పిలుచుకుందాం" అన్నాడాయన.

ఏటా మొదటి పత్తి బండికి కాంటా దగ్గర కొబ్బరికాయ కొట్టి, రైతుకు తువ్వాల కప్పడం ఆ మిల్లు ఆనవాయితీ. ఈ ఏడు ఆయన తువ్వాల పట్టుకొని కొత్త వంతెన మీదే నిలబడ్డాడు. మొదట వచ్చింది రైతు గంగుబాయి పత్తి ట్రాక్టరు. "సేటూ, నేను భైంసకు పోతున్న. గా తువ్వాల నీ మిల్లుకొచ్చెటోళ్లకు దాసిపెట్టుకో" అని ఆమె నవ్వింది. "మొదటి బండి నీదే గదవ్వా" అంటూ ఆయన తువ్వాల కప్పి, అలవాటు చొప్పున పలకల సందులోకి చెయ్యి దూర్చాడు. అడుగున పత్తి పొడిగా, వెచ్చగా తగిలింది. ట్రాక్టరు భైంసా దారి పట్టాక కూడా, చేతికంటిన దూదిని దులుపుకోకుండానే, సేటు తల ఎత్తుకొని వంతెన మీద నిలబడి ఉన్నాడు.