రిసీవర్ గురించి సగం రిపోర్టు

గుఢియారీలో మా సాయంత్రపు హిందీ పత్రిక ఆఫీసు ఒక బియ్యం మిల్లు గోడకు ఆనుకుని ఉండేది. మిల్లు ఎలుకలకు తిండికి కొదవ లేదు. అయినా మా కీబోర్డుల వైర్లంటే వాటికి మహా ఇష్టం. అందుకే వైర్లు లేని కీబోర్డులు, మౌసులు తెప్పించాను. కంప్యూటర్లలో ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం వేసిందీ నేనే. కాబట్టి ఏం చెడినా అందరూ నా వైపే చూసేవారు.

వార్తలు టైపు చేసి పేజీలు కట్టే ఆవిడ తెలుగావిడ. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అప్పటికి యాభై దాటాయి. ఆఫీసులో కిటికీ లేని ఒక గదిలో పేజీలు కట్టడం తప్ప మరో పని చేసి ఎరగదు.

ఒకరోజు ఊరి శివారు మందిర్ హసౌద్‌లో జరిగిన ఒక నాయకుడి సభ వార్త మొదటి పేజీకి ఎక్కింది. శీర్షికలో ఆయన పేరు చివరి అక్షరం తోకలాగా తొమ్మిదిసార్లు పడింది. మర్నాడు యజమాని ఆ గదిలోకి వచ్చి నిలబడ్డాడు.

"మశీన్ కా బహానా మత్ బనాయియే. హాథ్ కాంప్‌తే హై ఇన్‌కే," అన్నాడు, ఆవిడ ముందే. యంత్రం వంక చెప్పొద్దని, వణికేది ఆవిడ చేతులేనని.

తప్పు యంత్రానిదో చేతులదో తేల్చి సోమవారానికి కాగితం మీద రాసిమ్మన్నాడు. చేతులదైతే ఆవిడ ఇంటికే. అది ఆయన విడిగా చెప్పనక్కర్లేదు.

వార్తలు దిద్దే డెస్కు మీద నేర్చుకున్న పద్ధతిలోనే మొదలుపెట్టాను. చివరగా మారిందేమిటి? వారం కింద కెర్నెల్ కొత్తది వచ్చింది. కంప్యూటర్ లోపల పరికరాలన్నిటినీ నడిపే అసలు ప్రోగ్రాం అది. ఒక్కో పరికరానికీ దానికీ మధ్య దుబాసీలా డ్రైవర్ ఉంటుంది. పాత కెర్నెల్‌తో నడిపితే తోకలు రాలేదు. కొత్తదానితో వచ్చాయి.

డ్రైవర్‌కు అందే కబుర్లను తెర మీద చూపించే చిన్న ప్రోగ్రాం ఉంది. మీట నొక్కితే ఒకటి, వదిలితే సున్న, ఇంకా పట్టుకుని ఉంటే రెండు. ఆవిడను టైపు చేయమని, నేను పక్కన కూర్చుని ఆ అంకెలు చదివాను. మధ్యాహ్నానికి దొరికింది. ఒకటి, తర్వాత రెండు, రెండు, రెండు. సున్న రాలేదు. వైరు లేని కీబోర్డు కబుర్లు అందుకోవడానికి కంప్యూటర్‌కు గుచ్చిన చిన్న ముక్క రిసీవర్. కరెంటు ఆదా చేయాలని కొత్త కెర్నెల్ దాన్ని నిద్రపుచ్చుతోంది. వేలు లేచిన కబురు ఆ నిద్రలో పోతోంది.

"ఏటన్నయ్యా, దొంగ దొరికినాడా?"

"దొరికాడు. రిసీవర్ కునుకు తీస్తోంది."

"నాకే డ్యూటీలో నిద్దర లేదు, దానికెవడిచ్చినాడు ఛుట్టీ?"

ఇద్దరం నవ్వుకున్నాం. రిసీవర్‌ను నిద్రపుచ్చవద్దని సిస్టంలో ఒక వరుస రాశాను. తోకలు పోయాయి.

కానీ అక్కడక్కడా ఒక అక్షరం రెండుసార్లు పడడం పోలేదు. మళ్ళీ అంకెలు చూశాను. ఒకటి, సున్న, వెంటనే ఒకటి, సున్న. కబురేదీ పోలేదు. ఆవిడ కీబోర్డు మీద నేను అరగంట టైపు చేశాను, ఏమీ కాలేదు. నా కీబోర్డు ముందు ఆవిడను కూర్చోబెట్టాను. అక్కడా జంట అక్షరాలు పడ్డాయి. నా వెనక గోడ, ముందు తెర. ఆవిడ నా ముఖం చూస్తోందని తెలిసి తల తిప్పలేకపోయాను.

వెంటవెంటనే పడే రెండో నొక్కును వదిలేసే ఏర్పాటొకటి ఉంది. పెట్టి చూశాను. ఆవిడ వణుకు ఒకరోజు దానికి చిక్కేది, ఒకరోజు చిక్కేది కాదు.

సోమవారం రిపోర్టు రాశాను. కెర్నెల్ మారడం, రిసీవర్ నిద్ర, చేసిన మరమ్మతు. ప్రతి వాక్యం నిజమే. అయితే మా ఆఫీసులో ఏ కాగితమైనా ఆవిడ చేతి మీదుగా టైపు కావాల్సిందే. చేతిరాత కాగితం ఆవిడకే ఇచ్చాను.

ఆవిడ మెల్లగా టైపు చేసింది. రెండుసార్లు పడిన ప్రతి అక్షరాన్నీ వెనక్కి వెళ్ళి తుడిచింది. చివరి వరుస దగ్గర ఆగింది.

"ఇది ఆధా కదా అన్నయ్యా?"

నేను ప్రింటర్‌లో కాగితం సర్దాను.

"ఇంట్లో చా కప్పులు నిండా పొయ్యడం మానేసి సాల్ తిరిగిపోనాది. నీకు తెల్దనుకున్నాను." మీటల మీద వేళ్ళు పెట్టి, "బాకీ సగం నేను కొట్టీనా?" అంది.

"వద్దు. ప్రింట్ తియ్యి," అన్నాను.

యజమాని చదివాడు. "తో హాథ్ ఠీక్ హై?" అని, అంటే చేతులు బాగానే ఉన్నాయా అని అడిగాడు.

"జో మిలా, లిఖ్ దియా," అన్నాను. దొరికింది రాశానని. దొరికిందంతా రాయలేదు. ఆయన సంతకం పెట్టి సొరుగులో వేశాడు.

ఆ మర్నాటి నుంచి పేజీ అచ్చు ప్లేటుకు వెళ్ళే ముందు ప్రతి అక్షరం నేనే చూడాల్సి వచ్చింది. ఇంకొకరికి అప్పగించి, ఎందుకు అంత జాగ్రత్తగా చూడాలో చెప్పలేను. ఆ ఏడాది సెలవు పెట్టలేదు. ఒకసారి ఒళ్ళు కాలిపోతున్నా ఆటో ఎక్కి వచ్చాను. ఆవిడ నన్ను చూసి కుర్చీలోంచి లేచింది.

"ఘర్ ఎల్లిపో అన్నయ్యా. ఈ పూట నా చేతులు బాగున్నాయి," అని రెండు చేతులూ చాపి చూపించింది.

చూశాను. కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాను.