బైరాగి తాతకు వచ్చిన ఉద్యోగాలు

టెక్కలిలో బైరాగి తాతకు వచ్చినన్ని ఉద్యోగాలు ఇంకెవరికీ రాలేదు. ముంబైలో వచ్చింది, పుణేలో వచ్చింది, ఒకసారి ఏకంగా సింగపూర్‌లోనే వచ్చింది. తాత ఒక్కదాంట్లోనూ చేరలేదు. వేలిముద్ర తప్ప సంతకం ఎరగని మనిషి. మోకాళ్లు అరిగిపోయాక సంతబొమ్మాళి అవతల తన ఊరి నుంచి టెక్కలి రావడమే ఆయనకు పెద్ద ప్రయాణం.

ఆ వచ్చేదైనా మనవడి వరసయ్యే ఢిల్లీబాబు కోసం. ఢిల్లీ మొహం ఎరగని ఈ ఢిల్లీబాబు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. పక్కనే నా జెరాక్స్ షాపు కాబట్టి అక్కడ చీమ చిటుక్కుమన్నా నాకు తెలిసేది. తాత పొద్దున్నే ఆటోలో దిగి, ఫ్యాను కింద కుర్చీ ఆక్రమించి, వచ్చిన ప్రతి పిల్లనీ "ఏ ఊరు గుంటా? ఎవులమ్మాయివి?" అని ఆరా తీసేవాడు. కరెంటు పోయిందంటే ఇక సముద్రం కబుర్లే. కంప్యూటర్లు ఆగిపోయాక వినక ఏం చేస్తారు పాపం.

వాళ్ల ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పెద్దవలను ఒడ్డుకు లాగేటప్పుడు తాడు పట్టిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఇస్తారు. తాడు పట్టలేని ముసలివాళ్లకు కూడా ఒక వాటా పక్కన పెట్టాకే మిగతా పంపకం. ఢిల్లీబాబు వల వదిలి మౌసు పట్టాడు గానీ ఆ బుద్ధి మాత్రం వదల్లేదు.

రెండు వేల ఐదులో అనుకుంటాను, ఆ ఊరి పిల్ల కళ్యాణికి ఒక మెయిలు వచ్చింది. కళ్యాణి తల్లి రాజులమ్మ కోటబొమ్మాళి సంతలో ఎండుచేపలు అమ్మి కూతుర్ని డిగ్రీ దాకా చదివించింది. పిల్లకు ఎంసీఏ ఎంట్రన్సులో మంచి ర్యాంకు వచ్చింది, విశాఖలో కౌన్సెలింగుకు పిలుపు కూడా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఊడిపడింది ఈ మెయిలు. ముంబై ఎయిర్‌పోర్టులో కంప్యూటర్ ఉద్యోగమట. 'వేలమందిలో మిమ్మల్ని ఒక్కరినే ఎంపిక చేశాం. ఇంటర్వ్యూలో మీ ఇంగ్లీషు మాకు ఎంతో నచ్చింది' అని రాశారు. ఇంటర్వ్యూ అంటే ఎవడో ఫోన్ చేసి పేరూ ఊరూ అడిగి పెట్టేశాడు, అంతే. చేరాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కొరియర్‌లో పంపాలట. ఆనక డిపాజిట్ కూడా కట్టాలట.

ఇంగ్లీషు నచ్చిందన్న ముక్కే ఆ పిల్లని పడేసింది. కాలేజీలో ఇంగ్లీషులో నోరు విప్పితే నవ్వేవాళ్లట. ఆ కాగితం నా దగ్గర జెరాక్స్ తీయించుకుంటూ ఎన్నిసార్లు చదువుకుందో. ఎంసీఏ ఎందుకింక, ముంబై వెళ్లిపోతానంది. చూస్తే నాకూ ముచ్చటేసింది.

ఢిల్లీబాబు ఊరుకుంటాడా. "ఒక్కదానివే ఎల్లిపోతావేటే? మనోల్లని కూడా లాగాల," అని ఊళ్లో డిగ్రీ చదివిన తరుణ్, జయశ్రీల వివరాలు కూడా ఆ కంపెనీకి పంపాడు. ఆ ఊపులోనే, వాటా వాటాయే కదా అని తాత పేరు కూడా కొట్టాడు. చదువు: లేదు. అనుభవం: పెద్దవల లాగుట, చిన్నప్పటి నుంచి. వయసు కూడా దాచలేదు.

కళ్యాణి ఒరిజినల్స్ కొరియర్ ఆఫీసులో ఇచ్చేసి, ఆ సంగతి కంపెనీకి రాయడానికి సెంటర్‌కు వచ్చిన రోజునే మిగతా జవాబులూ వచ్చాయి. తరుణ్‌కి ఉద్యోగం. జయశ్రీకి ఉద్యోగం. సెంటరంతా ఒకటే సందడి, నేను కూడా షాపు వదిలేసి వెళ్లాను. ఆఖర్న ఢిల్లీబాబు తాత మెయిలు తెరిచాడు.

"తాతా, నీకూ ఉజ్జోగం వచ్చీసింది."

"నాకేటి ఉజ్జోగం రా? ఏటి సెయ్యాల?"

"కంప్యూటర్లో ఇమానాల లెక్కలు సూడాలంట. ఇంటర్వూలో నీ ఇంగిలీసుకి ఆల్లు మురిసిపోనారంట."

తాత గడ్డం గోక్కున్నాడు. "ఇంటర్వూ ఎప్పుడైందిరా? నానిక్కడే ఉన్నాను గదా."

అందరం పడీ పడీ నవ్వాం, కళ్యాణి తప్ప. ఆ పిల్ల కంప్యూటర్ దగ్గరకు వచ్చి తాత మెయిలు చదివింది. పొల్లు పోకుండా తనకు వచ్చిన మెయిలే. పేరొక్కటే మార్చారు.

"మావా, నా సర్టిఫికెట్లు," అంది.

ఒరిజినల్స్ చూపించకపోతే కౌన్సెలింగులో సీటు ఇవ్వరు. అవి చేతిలో పడ్డాక ఆ దొంగ సచ్చినోళ్లు వాటిని అడ్డం పెట్టుకుని ఎంతైనా గుంజుతారు. కళ్యాణి అప్పటికే రోడ్డు మీద పరుగెడుతోంది. వెనక ఢిల్లీబాబు, ఆ వెనక నేను.

కొరియర్ వ్యాను బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఆఫీసు నడిపే మన్మథరావు గారికి రూలంటే రూలే. "ఒకసారి బుక్ చేసింది వెనక్కివ్వడానికి లేదమ్మా," అన్నారు. పంపింది నేనే బాబూ అని కళ్యాణి రసీదు చూపించి బతిమాలుతోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఏమిటా అని చూస్తే, వ్యానుకు అడ్డంగా తాత. ఆ మోకాళ్లతో ఎలా వచ్చాడో, నడిరోడ్డు మీద చతికిలబడి ఉన్నాడు.

"గుంట కాయితాలు దించితే గానీ నాను లేవను. నానిప్పుడు ముంబై కంపెనీలో పెద్ద ఉజ్జోగిని, తెల్సా?"

మన్మథరావు గారికి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే కళ్యాణి చేత సంతకం చేయించుకుని కవరు ఇప్పించారు.

సెంటర్‌కు తిరిగొచ్చాక కవరు గుండెకు అదుముకుని కళ్యాణి ఏడ్చింది. "నా ఇంగిలీసు బాగుందన్నారు తాతా. అదొక్కటీ నిజమనుకున్నాను."

"నాదీ బాగుందన్నారు గదేటే," అన్నాడు తాత. కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది పిచ్చిపిల్ల.

ఎంసీఏలో సీటు వచ్చింది. ఆ రోజు నుంచి సెంటర్లో ఒకటే రూలు. ఎవరికి ఉద్యోగం మెయిలు వచ్చినా ముందు తాత పేరు పంపాలి. ఆయన్ని కూడా తీసుకున్నారంటే అది కంపెనీ కాదు, దగా. అసలు జీతమిచ్చేవాడు ఎదురు డబ్బు అడగడమేమిటి, మన ఒరిజినల్స్ వాడి దగ్గరెందుకు అని నేనూ జెరాక్స్ తీస్తూ పిల్లల బుర్ర తినేవాణ్ని. నా మాట ఎవరూ వినేవారు కాదు. తాతకు ఉద్యోగం వస్తే మాత్రం టక్కున ఆగిపోయేవారు. అలా ఎన్ని కొలువులు వచ్చాయో తాతకు.

మూడేళ్ల తర్వాత కళ్యాణి హైదరాబాదు వెళ్లి, ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగినవాళ్లకు జవాబులు చెప్పి ఉద్యోగం తెచ్చుకుంది. ఇల్లు చేరకముందే సెంటర్‌కు వచ్చి, తాత కుర్చీ పక్కన కింద కూర్చుంది.

"తాతా, రూలు పెకారం ఆ కంపెనీకి నీ పేరు కూడా పంపించాను."

"ఏటన్నారు?"

"నిన్ను ఒల్లమన్నారు. సదువు నేదంట."

తాత బోసినోరు విచ్చుకుంది. పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

"అయితే మంచి కంపెనీయే. ఎల్లి సేరిపో గుంటా."